రత్నం నాకిచ్చిన మందారం

డిగ్నాబాద్, పోర్ట్ బ్లెయిర్
ఆదివారం సాయంత్రం

ప్రియమైన పెద్దక్కకు,

నీ చెల్లెలు కరుణ వందనాలు. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ, నీ మరిదీ ఒంట్లో కులాసాగానే ఉన్నాం. మనసు సంగతి కింద రాస్తాను. నువ్వూ, బావగారూ కులాసాయేనా? అత్తమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మా సుజాత నిన్ను సతాయించకుండా కాలేజీకి వెళ్తోందా? పొద్దున్నే లేవకపోతే మొహాన నీళ్ళు చల్లు, నేనేమీ అనుకోను. నా గురించి దిగులు పడకు. బాగానే ఉన్నాను.

నీ ఉత్తరమూ, ఉల్లిపాయలూ ఒకే ఓడలో దిగాయి. రెండూ కళ్ళలో నీళ్ళు తెప్పించాయి. మూడు వారాలుగా ఉల్లిపాయ లేని కూర తింటున్నాం. బొప్పాయికాయ, చేప, మళ్ళీ చేప, మళ్ళీ బొప్పాయికాయ. నువ్వు పంపిన మాగాయకు బూజు పట్టింది. పైపైన తీసి, ఎండలో పెడదామంటే ఎండ లేదు. చదువుకునే రోజుల్లో శరదృతువు మీద ఎన్ని పద్యాలు వల్లె వేశాను! తేటపడ్డ ఆకాశం, తేటపడ్డ ఏరు, వెన్నెల. ఇక్కడ ఆశ్వయుజం అంటే ఒక వాన వెళ్తూ ఇంకో వానకు తాళంచెవులు అప్పజెప్పడం. పెట్టెలో చీరలు ముక్కిపోయాయి. చెప్పులకు పచ్చగా నాచు. మొన్న స్నానాలగదిలో జానెడు జెర్రి కనిపించింది. దాన్ని చూసి కూడా నాకు ఇంత అసహ్యం కలగలేదు, ఈ మధ్య మనుషుల్ని చూస్తే కలిగినంత. మనుషుల్లో నన్నూ కలుపుకునే రాస్తున్నాను.

బడి ఫోటో పంపమని నాలుగు ఉత్తరాల నుంచీ అడుగుతున్నావు. ఇందులో పెట్టాను. చూడగానే నీ కళ్ళు ఎక్కడికి వెళ్తాయో తెలుసు. వెనక వరసలో కుడి చివర నిలబడ్డది నేనే. జడలో మందారం. మన ఇంట్లో ఆడపిల్లలు పూలు పెట్టుకోకూడదని నాన్న పోయేవరకూ ఒకే మాట మీద ఉన్నారు కదా. నలభై నాలుగేళ్ళ వయసులో దీనికిదేం సోకు అనుకుంటావు. సోకు కాదక్కా. ఆ పువ్వు నాది కాదు. ముందు వరసలో ఎడమ నుంచి మూడో కుర్చీ చూడు. జరీచీర కట్టుకుని, ఒళ్ళో చేతులు ముడుచుకుని కూర్చున్న ముసలమ్మ ఉంది. ఆ పువ్వు ఆమెది. ఆమెకు చేరాల్సింది నా జడలోకి ఎలా వచ్చిందో నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించదు. చెప్పినా సయిస్తుందో లేదో.

నాకు మూడో తరగతి తెలుగు సెక్షను ఇచ్చారని ముందే రాశాను. పదిహేడు మంది. సగం మంది డెలానీపూర్ క్వార్టర్లలో ఉండే ఆఫీసు ఉద్యోగుల పిల్లలు, సగం మంది జంగ్లీఘాట్‌లో పడవల మీద బతికేవాళ్ళ పిల్లలు. మా హెడ్‌మాస్టరుగారు హిందీ ఆయన. మంచివాడే. కొత్త ఆలోచన వస్తే మాత్రం దాన్ని ఎవరి నెత్తిన దించుదామా అని చూస్తుంటాడు. సెలవులకు వాళ్ళ ఊరు వెళ్ళి, అక్కడి బడిలో ఏదో చూసొచ్చి, దసరా సెలవులు అయిపోగానే మనమూ పెద్దల దినం చేద్దామన్నాడు. ప్రతి పిల్లా తన తాతనో మామ్మనో తీసుకురావాలి. పువ్వు ఇచ్చి దండం పెట్టాలి. పెద్దవాళ్ళు ఒక కథో, పాటో చెప్పాలి. ఎక్కువ మంది పెద్దల్ని తెచ్చిన తరగతికి బహుమతి.

ఆయన ఒక్కటి మరిచాడు. ఈ దీవుల్లో తాతలూ మామ్మలూ ఎక్కడ ఉన్నారక్కా? మేమంతా చేతుల్లో సత్తువ ఉన్న వయసులో వచ్చినవాళ్ళం. ముసలివాళ్ళను ఒడ్డున వదిలి ఓడెక్కినవాళ్ళం. నా పదిహేడు మందిలో నిజంగా ఇక్కడ మామ్మ ఉన్నది ఒక్క నూకరత్నానికే. వాళ్ళ మామ్మ పోలమ్మ. రోజూ పొద్దున్నే మా పెరటి గుమ్మం దగ్గరికి చేపల బుట్టతో వచ్చేది ఆవిడే. భీమిలి దగ్గర పల్లె మనిషి. కొడుకు పడవ నడుపుతాడు. రత్నం ఆమె చేతుల్లోనే పుట్టింది, ఆమె పక్కలోనే పడుకుంటుంది.

హెడ్‌మాస్టరుగారికి ఆ మాటే చెప్పాను. ఆయన నవ్వి, "కోషిష్ కీజియే, టీచర్‌జీ" అని చెయ్యి ఊపాడు. ప్రయత్నం చేయమట. తాతల్ని ప్రయత్నించి తెస్తారా ఎవరైనా?

తెచ్చారు. అదే చెప్పబోతున్నాను.

ఆ వారంలోనే వరలక్ష్మిగారు మా ఇంటికి వచ్చారు. ఆవిడ భర్త సూర్యారావుగారు ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు. కూతురు శైలజ నా క్లాసే. కాఫీ తాగి, గ్లాసు దించకుండానే మొదలుపెట్టారు.

"మా పిల్ల రెండ్రోజుల్నించి అన్నం ముట్టడం లేదు టీచర్ దీదీ. వాళ్ళ నాయనమ్మేమో రాజమండ్రిలో గోదారి స్నానాలు చేసుకుంటా కూర్చుంది. ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణించి తెమ్మంటారు?"

నేనప్పుడు కాపీ పుస్తకాలు దిద్దుకుంటున్నాను. తలెత్తకుండా ఒక పెద్ద మాట అన్నాను. "దానికేముందండీ, ఇంత దూరం వచ్చాక మనమంతా ఒకే కుటుంబం. పెద్దావిడ ఎవరైనా మామ్మే" అన్నాను. చదువుకున్నవాళ్ళకు ఉండే జబ్బు ఇది. వినడానికి బాగుండే మాట నోటికి వచ్చేస్తుంది. దాన్ని మోసేది ఎవరో చూసుకోం.

నీకు ఇక్కడి అలవాటు ఒకటి చెప్పాలి. ఇక్కడ మనవాళ్ళు ఒకే ఓడలో వచ్చినవాళ్ళను చుట్టాలుగా లెక్కవేసుకుంటారు. ఓడ అక్క, ఓడ బావ, ఓడ పిన్ని. నాలుగు రోజులు ఒకే గదిలో వాంతులు చేసుకుంటూ వచ్చినవాళ్ళకు ఆ మాత్రం చుట్టరికం ఉండాలి కూడాను. పెళ్ళిళ్ళకు పిలుపులు, పురుళ్ళకు సాయం, చావుకు భుజం, అన్నీ ఆ వరస ప్రకారమే. వరలక్ష్మిగారూ, పోలమ్మా ఒకే ఓడలో వచ్చారట. అప్పుడు శైలజ కడుపులో ఉందట. నాలుగు రోజులూ వరలక్ష్మిగారి తల ఒళ్ళో పెట్టుకుని, చింతపండు నాలిక మీద రాస్తూ తీసుకొచ్చింది పోలమ్మే. ఆ లెక్కన ఆమె వీళ్ళకు ఓడ పిన్ని. ఆ పిన్ని చేపలు తెస్తే మాత్రం మెట్ల కిందే ఆగాలి. పళ్ళెం మీది నుంచి దించుతారు. నాకెలా తెలుసంటే నేనూ అంతే. "బల్ల మీద పెట్టకు పోలమ్మా, కింద పెట్టు" అని రోజూ అంటాను. అన్నాను. ఇకమీద అంటానో లేదో.

పెద్దల దినం శనివారం. పొద్దుటి నుంచీ సన్నటి జల్లు. తల్లులందరూ పట్టుచీరలు కట్టుకుని, కుచ్చిళ్ళు బురద అంటకుండా పిడికిట్లో పట్టుకుని వచ్చారు. లడ్డూలు తేమకు పిండిముద్దలైపోయాయి. నేను గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాను. నా క్లాసుకు తొమ్మిది మంది పెద్దలు! రాత్రికి రాత్రి మొలిచారు, వానకు కుక్కగొడుగులు మొలిచినట్టు.

ఒకాయన తన ఆఫీసు వాచ్‌మన్‌ను తాతగా తెచ్చాడు. బెంగాలీ ముసలాయన. తెలుగు ముక్క రాదు. పిల్లాడు నేర్చుకున్న ప్రకారం "తాతా, కథ చెప్పు" అంటే ఆయన బిత్తరపోయి, "క్యా బేటా? సాబ్ బోలే థే సిర్ఫ్ బైఠ్‌నా హై" అన్నాడు. సాహెబు ఊరికే కూర్చుంటే చాలన్నాడట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకొకావిడ నలభై అయిదేళ్ళ పక్కింటామెకు తలలో విభూతి రాసి మామ్మను చేసింది. వాన జల్లుకు ఆ విభూతి కారి, ఇంటర్వెల్ అయ్యేసరికి మామ్మకు వయసు తిరిగొచ్చింది. అప్పటికీ నాకు నవ్వే వచ్చింది. పోనీలే, పిల్లల కోసం వేసిన నాటకం అనుకున్నాను.

అప్పుడు వరలక్ష్మిగారు వచ్చారు. పక్కన శైలజ. శైలజ చెయ్యి పట్టుకుని పోలమ్మ.

ముందు నేను పోల్చుకోలేదు. జరీచీర, నున్నగా దువ్విన జుట్టు, గంధం సబ్బు వాసన. ముక్కుకి ఎప్పుడూ ఉండే అడ్డబేసరి తీయించేశారు. ఆ బొక్కలు ఖాళీగా ఉన్నాయి. అక్కడ చూసి పోల్చుకున్నాను. నన్ను చూసి ఆమె తల దించుకుంది. వరలక్ష్మిగారు నా చెవి దగ్గరికి వచ్చి, "మీరు చెప్పిన ఉపాయమే టీచర్ దీదీ. మా ఓడ పిన్నేగా. మాట్లాడితే యాస తెలిసిపోద్దని మౌనవ్రతం అని చెప్పేశాం" అన్నారు.

"రత్నమో?" అన్నాను.

"వాళ్ళమ్మతో మాట్లాడేశాంగా. వాళ్ళ పడవ కాగితం మా ఆయన టేబుల్ మీదే ఉంది."

అంత తేలిగ్గా అన్నారు. రత్నం వాళ్ళ నాన్న కొత్త పడవకు రిజిస్ట్రేషన్ కోసం అర్జీ పెట్టుకుని ఎనిమిది నెలలైందట. అది లేకపోతే ఈ వానలు వెళ్ళాక పడవ దించడానికి వీల్లేదు. రత్నం తల్లి గౌరి ఏమంటుంది? సరే అంది. పిల్లకు "నోరిప్పకు" అని చెప్పి పంపింది.

పిల్లలు ఒక్కొక్కరే లేచి పువ్వు ఇస్తున్నారు. శైలజ వెళ్ళి పోలమ్మ పాదాలకు మొక్కి, "మా నాయనమ్మ" అని హిందీలోనూ, తెలుగులోనూ చెప్పింది. చప్పట్లు. రత్నం రెండో వరసలో కూర్చుని ఉంది. ప్రతి పిల్లకూ ఒక మందారం ఇచ్చాం కదా, అది పిడికిట్లో నలుగుతోంది. హెడ్‌మాస్టరుగారు చూశాడు. నేను ముందే రాశాను, ఆయన మంచివాడే. ఆ పిల్ల ఒక్కతే చిన్నబుచ్చుకుని కూర్చుందని జాలిపడి, దగ్గరికి వెళ్ళి, "బేటీ, తుమ్హారీ దాదీ కహాఁ హై?" అన్నాడు. మీ మామ్మ ఎక్కడ అని.

రత్నం మూడో కుర్చీ వైపు చూసింది. పోలమ్మ తన ఒళ్ళోకి చూసుకుంది. అప్పుడు రత్నం నా వైపు చూసింది. అక్కా, అందులో ఫిర్యాదు లేదు. ఎక్కం మరిచిపోయినప్పుడు పిల్లలు చూస్తారే, టీచరు అందిస్తుందని, అలా చూసింది.

నేను అందించాను. "యహాఁ నహీఁ హై, సర్" అన్నాను. ఇక్కడ లేదండీ అన్నాను.

"తో టీచర్‌జీ కో దే దో" అన్నాడాయన. మామ్మ లేనివాళ్ళు టీచరుకు ఇవ్వాలని ముందే అనుకున్నాం. రత్నం లేచి వచ్చి పువ్వు నా చేతిలో పెట్టింది. నా వేళ్ళకు వెచ్చగా తగిలింది. తల్లులెవరో "పెట్టుకోండి టీచర్, ఫోటో తీస్తున్నారు" అన్నారు. పెట్టుకున్నాను. నవ్వాను. ఆ నవ్వే నీ చేతిలో ఉంది. బహుమతి మా క్లాసుకే వచ్చింది, ఒక గోడ గడియారం. మళ్ళీ అందరూ చప్పట్లు.

ఆ రోజంతా ఎవరి మీద కోపం తెచ్చుకోవాలా అని వెతుక్కున్నాను. సూర్యారావుగారి మీద తెచ్చుకున్నాను. వరలక్ష్మిగారి మీద తెచ్చుకున్నాను. ఆ వాచ్‌మన్ను తెచ్చినాయన మీద, పట్టుచీరల మీద, కారిపోయిన విభూతి మీద. చివరికి నీ మరిది మీద. ఆయన పేపరు చదువుకుంటూ, "నువ్వు నిజం చెప్తే వాళ్ళ పడవ ఆగేది. అబద్ధం చెప్పావు కాబట్టి పువ్వు వచ్చింది. ఏది మేలో నీ ఎం.ఏ. పుస్తకాల్లో చూసుకో" అన్నారు. ఆయన మాటలో ముల్లు ఎప్పుడూ ఉంటుంది. ఈసారి అది పడవ మాట దగ్గర గుచ్చుకుంది. నిజంగానే ఆ పడవ కోసమే అబద్ధమాడానా? లేదక్కా. ఆ క్షణంలో పడవ నాకు గుర్తే లేదు. పట్టుచీరల మధ్య గొడవ అవుతుందని, నా క్లాసు పరువు పోతుందని ఆడాను. పడవ తరవాత దొరికిన సాకు.

మర్నాడు ఆదివారం మన తెలుగు చర్చిలో ప్రభువు బల్ల. ఆ అబద్ధంతో రొట్టె తీసుకోవడానికి నేను లేచి వెళ్ళలేదు. పక్కన కూర్చున్నావిడ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. జలుబు అన్నాను. ఇంకో అబద్ధం. అలా కూర్చుని నన్ను నేను అసహ్యించుకోవడంలో కొంచెం సుఖం కూడా ఉందని కనిపెట్టాను. అసహ్యించుకుంటే పని అయిపోయినట్టు ఉంటుంది. చెయ్యి కదపక్కర్లేదు. అది కనిపెట్టాక మరీ రోత పుట్టింది.

పోలమ్మ నాలుగు రోజులు చేపలు తేలేదు. అయిదో రోజు వచ్చింది. పాత చీర, ముక్కుకి బేసరి, నెత్తిన బుట్ట. ఎప్పటిలాగే బుట్ట కింద దించి, "కానాగంతలున్నాయి టీచరమ్మా, ఒంజరాలు లేవు" అంది. ఏమీ జరగనట్టు. నేను గుమ్మంలో కూలబడ్డాను.

"పోలమ్మా, నేను ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను.

"నాకేటమ్మా!" అంది చేపలు ఏరుతూ. "కుర్సీ ఏసినారు, సీర కట్టినారు, లడ్డు ఎట్టినారు. మా కోడలు సెప్పినాది, కూకున్నాను. ఒక్కపూటకి ఎవుల మామ్మనైతే ఏటి? ఓడ మీద దాని తల్ని మోసినాను, దాన్ని మొయ్యనేనా?"

"మరి నాలుగు రోజులు రాలేదేం?"

ఏరుతున్న చెయ్యి ఆగింది. "మా గుంట నా కాడికి రాట్లేదమ్మా" అంది. "ఇంటి కాడ తల్లి పక్కన తొంగుంటంది. నాను అన్నమెట్టితే తినదు. 'ఏటే నీకు' అంటే ఏటందో తెల్సా? 'నువ్వు మా మామ్మవి కావు, మా మామ్మ ఇక్కడ నేదు, టీచరమ్మే సెప్పినాది' అంది. ఓలమ్మా, నాను నవ్వినాను ముందు. అది నవ్వనేదు."

వాళ్ళమ్మ చెప్పింది పిల్లకు పట్టలేదు. శైలజ చెప్పిందీ పట్టలేదు. అవి నాటకమని దానికి తెలుసు. టీచరు చెప్పింది మాత్రం నిజం. రెళ్ళెక్కమెంత నిజమో అంత నిజం. ఆ పిల్లకు అక్షరం నేర్పింది నేను. నేను చెబితే మామ్మ పోయింది.

"రేపే క్లాసులో అందరి ముందూ చెప్తాను" అని లేచాను. లేవగానే నా పాత జబ్బు. "కాని పోలమ్మా, సూర్యారావుగారికి తెలిస్తే? మీ పడవ కాగితం?" అన్నాను. ఎంత చదివినా, ఎంత ఏడ్చినా, నేను మొదట అడిగేది ఇదే.

పోలమ్మ బుట్ట మీద గోనె కప్పుతూ అంది: "ఎనిమిది నెల్ల కాణ్ణించి ఆ బల్ల మీదే ఉందమ్మా ఆ కాయితం. నాను జరీసీర కట్టినా ఉంది, ఇప్పినా ఉంటాది. అది ఒచ్చిన్నాడు ఒస్తాది. గుంట నా పక్కనేకపోతే నాకు నిద్దరొస్తాదేటి?"

మర్నాడు శుక్రవారం. ఆమెను చేపల బుట్టతోనే రమ్మన్నాను. హెడ్‌మాస్టరుగారిని అడగలేదు. అడిగితే పర్మిషన్ దొరకదని కాదు, అడగడానికి వెళ్తే దారిలో మనసు మార్చుకుంటానని. ఆమె గుమ్మంలో నిలబడింది. లోపలికి రావడానికి జంకింది. ముందు బెంచీలో ఒకడు ముక్కు మూసుకుని, "మచ్ఛీ కీ బద్‌బూ" అన్నాడు. చేపకంపట. ఇంకో నలుగురు మూసుకున్నారు. ఆ మూసుకున్న ముక్కులు చూస్తుంటే అద్దంలో చూసుకున్నట్టే ఉంది నాకు.

"పిల్లలూ, ఈమె పేరు పోలమ్మ. నూకరత్నం వాళ్ళ మామ్మ. ఆ రోజు నేను హెడ్‌మాస్టరుగారితో, రత్నం మామ్మ ఇక్కడ లేదు అని చెప్పాను. అది అబద్ధం" అన్నాను. పిల్లలకు టీచరు అబద్ధం చెప్పడమనేది అర్థం కాలేదు. శైలజ మొహం ఎర్రబడింది. దాని తప్పేముంది పాపం, దాన్ని చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను.

రత్నం పరిగెత్తుకొచ్చి మామ్మను కావిలించుకుంటుందని నేను అనుకున్నమాట నిజం. అది కూర్చున్న చోటే కూర్చుంది. మామ్మ వైపు చూడలేదు. చెయ్యి ఎత్తింది, సందేహం ఉంటే ఎత్తమని నేనే నేర్పాను.

"టీచర్, ఆ రోజు చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పింది నిజమా?" అంది.

"ఇప్పుడు చెప్పింది."

ఆలోచించింది. "మరైతే బోర్డు మీద రాయండి" అంది.

ఎందుకందో నాకు తెలుసు. బోర్డు మీద రాసిందంతా నిజమని, నోటితో చెప్పింది మరిచిపోవచ్చుగాని బోర్డు మీదిది మరవకూడదని ఏడాదిగా నేనే వాళ్ళ ప్రాణాలు తీస్తున్నాను. సుద్దముక్క తీసి రాశాను: పోలమ్మ నూకరత్నం మామ్మ. రాయడం పూర్తవకుండానే వెనక గరగర చప్పుడు. తిరిగి చూద్దును కదా, పదిహేడు మందీ చూచిరాత పుస్తకాలు తెరిచి ఎక్కించుకుంటున్నారు. బోర్డు మీద ఏది రాసినా పది సార్లు రాయడం వాళ్ళకు అలవాటు. నేను రాయమనలేదు. వద్దనీ అనలేదు. శైలజ కూడా రాసింది, నాలుక బయటపెట్టి, గుండ్రంగా. దాని దస్తూరీ క్లాసులో అందరికంటే బాగుంటుంది.

ఇందులో ఉన్న చిక్కు ఏమిటంటే, ఆ చూచిరాత పుస్తకం రోజూ ఇంటికి వెళ్ళాలి. ఇంట్లో పెద్దవాళ్ళు చూసి కింద సంతకం పెట్టాలి. పిల్లల చదువులో కుటుంబం పాలు ఉండాలని హెడ్‌మాస్టరుగారు పెట్టిన ఇంకో రూలు. సాయంత్రం బెల్లు కొట్టాక, పుస్తకాల సంచులు గేటు దాటాక గుర్తొచ్చింది నాకు. శైలజ పుస్తకంలో ఆ వాక్యం పది సార్లు ఉంది. అది సూర్యారావుగారి చేతిలోకి వెళ్తుంది. అన్నం తినలేదు. నీ మరిది రెండుసార్లు పిలిచి ఊరుకున్నారు.

శనివారం పొద్దున అన్నిటికంటే ముందు శైలజ పుస్తకం తీశాను. పది వరసలు, కింద సూర్యారావుగారి సంతకం. తోక తిప్పి, కింద రెండు చుక్కలు, తారీఖు. చదివి పెట్టాడో, చదవకుండా పెట్టాడో దేవుడికే తెలియాలి. సంతకం చూస్తే తెలియదు కదా. చదివి ఊరుకున్నాడంటే ఆయన గురించి నేను అనుకున్నది తప్పు కావచ్చు. చదవలేదంటే అనుకున్నదే రైటు. రెండూ నాకు ఇష్టంగా లేవు. నీ మరిదికి చెబితే చాలాసేపు నవ్వి, "పిచ్చిదానా, ఆ పడవ అర్జీ కూడా చూచిరాత పుస్తకంలో పెట్టి పంపాల్సింది" అన్నారు. ఆయన మాటకు నేను నవ్వడం ఈ నెలలో అదే మొదలు. అర్జీ ఇంకా ఆ బల్ల మీదే ఉంది. అది నేను మరిచిపోలేదు. సోమవారం నేనే ఆ ఆఫీసుకు వెళ్ళి అడుగుతాను. వెళ్తానని నీకు రాసేశాను కాబట్టి ఇక వెళ్ళక తప్పదు.

రత్నం పుస్తకం ఆఖరున ఉంది. ఎప్పుడూ దాని కింద వాళ్ళ నాన్న వంకరటింకర సంతకం ఉంటుంది. ఈసారి అది లేదు. దీపం మసి అద్దిన వేలిముద్ర ఉంది, కాగితానికి అవతలి వైపు కూడా కనిపించేంత గట్టిగా. మధ్యలో ఒక చేప పొలుసు అంటుకుని ఉంది. పుస్తకమంతా నీచు వాసన. నేను దాన్ని బల్ల మీద పెట్టుకున్నాను.

ఆ పువ్వు వాడిపోయి నా బైబిల్లో ఉంది. తిరిగి ఇద్దామంటే వాడిన పువ్వు ఎవరు తీసుకుంటారు? పారేయడానికి చెయ్యి రావడం లేదు. ఏం చెయ్యమంటావో రాయి.

మంగళవారం ఓడ బయలుదేరుతుందంటున్నారు, అందుకే ఈ పూటే ముగిస్తున్నాను. వీలైతే ఎవరితోనైనా కొంచెం చింతపండు, సుజాత పాత స్వెటరు పంపు. ఇక్కడ చలి ఉండదు, కాని వానకు రత్నం ఒణుకుతూ వస్తోంది. నా గురించి దిగులు పడకు, నిజంగానే బాగున్నాను. బావగారికి నా వందనాలు, అత్తమ్మగారి పాదాలకు నమస్కారాలు. సుజాతకు ముద్దులు. ఈ ఫోటో దానికి చూపించు, కాని నేను నవ్వుతున్నదాన్ని ముందు చూపించకు. ముందు మూడో కుర్చీ చూపించి, ఆవిడ ఎవరి మామ్మో చెప్పు. నా కోసం ప్రార్థనలో ఒక మాట చెప్పు. పెద్దదానివి, నీ దీవెన నా మీద ఉండనీ.

నీ చేతుల్లో పెరిగిన చెల్లెలు
కరుణ